‘బయాప్సీలో ఏమీ లేదు’ అన్నారు, ఇక నిశ్చింతేనా?

ప్రశ్న: మా నాన్నకు 57 ఏళ్లు. గాజువాక ఆటోనగర్‌లో లోడింగ్ పని. ఏడు నెలలుగా గ్యాస్ అంటున్నారు. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయిందంటారు. మా వీధి ఆర్‌ఎంపీ గ్యాస్ బిళ్ళలు, ఇంజెక్షన్లు ఇస్తూ వచ్చారు. నడుం నొప్పికి కూడా ఎప్పట్నుంచో మాత్రలు మింగుతున్నారు. మధ్యలో కడుపు స్కానింగ్ తీయిస్తే నార్మల్ అన్నారు. 64 కిలోల మనిషి 55కి వచ్చారు. రెండు నెలల కింద నీరసంతో పడిపోతే ఒక నర్సింగ్ హోమ్‌లో హిమోగ్లోబిన్ 7.4 ఉందని రెండు బాటిళ్ల రక్తం ఎక్కించి, ఐరన్ మాత్రలు రాసి పంపేశారు. పోయిన వారం ఎండోస్కోపీలో జీర్ణాశయం కింది భాగంలో పుండు కనిపించింది. పరీక్షకు ఒక ముక్క తీశారు (బయాప్సీ). ‘కేన్సర్ కణాలు కనబడలేదు, ముక్క సరిపోలేదు’ అని రిపోర్టు వచ్చింది. నెల రోజులకు మందులు రాశారు. ఈమధ్య రాత్రిపూట పొద్దున తిన్నది తిన్నట్టే వాంతి అవుతోంది. అమ్మేమో కత్తి పడితే పాకిపోతుంది, ఊళ్లో పసరు మందు పోయిద్దాం అంటోంది. అన్నయ్య అప్పు చేసైనా హైదరాబాద్ తీసుకెళ్దామంటున్నాడు. నాన్నకు ఇంకా ఏమీ చెప్పలేదు. నెల ఆగి చూడాలా?
— గాజువాక నుంచి ఒక కూతురు

సమాధానం:

అమ్మా, ఆగవద్దు. మీ చేతిలో ఉన్న రిపోర్టులో రెండు మాటలున్నాయి. ఇంట్లో అందరూ మొదటి మాటే పట్టుకున్నారు. ‘కేన్సర్ కణాలు కనబడలేదు’ అన్నది నిజమే. కానీ రెండో మాట, ‘ముక్క సరిపోలేదు’ అన్నది, మొదటిదాన్ని కొట్టేస్తుంది. పాథాలజీ డాక్టరు చెబుతున్నది ఇంతే: చూడడానికి తగినంత నాకు అందలేదు, కాబట్టి అవుననీ కాదనీ చెప్పలేను. దాన్ని ‘కేన్సర్ లేదు’ అని చదువుకోకూడదు.

జీర్ణాశయంలో కేన్సర్ పుండు అంతటా ఒకేలా ఉండదు. మధ్యలో చచ్చిన కణజాలం, చీము, వాపు ఉంటాయి. అసలు కణాలు అంచుల్లోనో, పైపొర కిందో దాక్కుని ఉంటాయి. అందుకే ఒక్క ముక్క తీస్తే, నిజంగా కేన్సర్ ఉన్న పదిమందిలో ఏడుగురిలోనే అది పట్టుబడుతుంది. పుండు అంచు చుట్టూ నాలుగు వైపుల నుంచి, అడుగు నుంచి కలిపి ఆరు నుంచి ఎనిమిది ముక్కలు తీస్తే 98 శాతానికి పైగా దొరుకుతుంది. అన్ని ముక్కలు తీయడానికి అదనంగా పట్టేది నాలుగైదు నిమిషాలే. జీర్ణాశయంలో కనబడిన ప్రతి పుండుకూ ఇది చేయాలి. మామూలు పుండే అనిపించినా చేయాలి.

మీ నాన్నగారిది మామూలు పుండు కూడా కావచ్చు, ఆ మాట దాచము. ఏళ్ల తరబడి నడుం నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు మింగేవాళ్లకు పుండ్లు పడతాయి, వాటి నుంచి రక్తం కారుతుంది. హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి వల్లా పడతాయి. పుండు మానే క్రమంలో దారి ముడుచుకుని వాంతులు కూడా అవుతాయి. కానీ 64 కిలోల మనిషికి ఆరు నెలల నుంచి ఏడాది లోపు 3 కిలోలకు మించి కారణం లేకుండా తగ్గినా చాలు, ఎందుకో వెతకాలని వైద్యం చెబుతుంది. ఈయన 9 కిలోలు తగ్గారు. వయసు 57, హిమోగ్లోబిన్ 7.4, నాలుగు ముద్దలకే నిండిపోవడం, పొద్దున తిన్నది రాత్రి వాంతి. ఇన్ని కలిసినప్పుడు కేన్సర్ కాదని రుజువయ్యే వరకు అదే అనుకుని పరుగెత్తాలి.

ఈ సోమవారమే మళ్లీ ఎండోస్కోపీకి వెళ్లండి. విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో గ్యాస్ట్రోఎంటరాలజీ, అంటే జీర్ణకోశ వ్యాధుల ఓపీ ఉంది, ప్రభుత్వ ఆసుపత్రి కాబట్టి పరీక్షకు డబ్బు సర్దుకునే దాకా ఆగక్కర్లేదు. మీకు ఇంకా దగ్గర, కూర్మన్నపాలెం దాటాక అగనంపూడిలో, టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ బాబా కేన్సర్ ఆసుపత్రి ఉంది. నిర్ధారణ కాకముందే అక్కడికి వెళ్లొచ్చా అని చాలామంది సందేహిస్తారు. అనుమానంతో, పాత రిపోర్టులతో వెళ్లొచ్చు. రెండిట్లో ఏది ముందు ఎండోస్కోపీ తేదీ ఇస్తే అది పట్టుకోండి. రెండు వారాల తర్వాతి తేదీ ఇస్తే కౌంటర్ దగ్గర ఊరుకోవద్దు. డాక్టరు ఎదురుగా కూర్చుని మూడు మాటలు చెప్పండి: తొమ్మిది కిలోలు తగ్గారు, రక్తం ఎక్కించాల్సి వచ్చింది, పొద్దున తిన్నది రాత్రి వాంతవుతోంది. వరుసలో వెనకున్న పేషెంటును ముందుకు జరిపేది ఈ మాటలే. ‘గ్యాస్, నీరసం’ అని చెబితే వెనకే ఉండిపోతారు.

వాంతుల సంగతి చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. మామూలుగా ఎండోస్కోపీకి ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళితే చాలు. జీర్ణాశయం కింది దారి మూసుకుపోతున్న మనిషికి ఎనిమిది గంటల తర్వాత కూడా లోపల అన్నం నిలవే ఉంటుంది. పుండు దాని కింద దాగిపోతుంది. పోయినసారి ఒక్క ముక్కే రావడానికి అదే కారణమై ఉండొచ్చు. పైగా పరీక్ష మధ్యలో వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ముందురోజంతా జావ, మజ్జిగ, పలచని పెసరకట్టు లాంటివే ఇవ్వండి. అర్ధరాత్రి నుంచి ఏమీ వద్దు. ‘నిలవ ఉంటోంది’ అని ఎండోస్కోపీ గదిలోని సిస్టర్‌కు కూడా చెప్పండి, అవసరమైతే ముక్కులోంచి గొట్టం వేసి ముందు ఖాళీ చేస్తారు. గుండెకు, పక్షవాతానికి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే అదీ చెప్పాలి. గ్యాస్ బిళ్ళ మానాలా వద్దా అన్నది డాక్టరే నిర్ణయించాలి. ఒకసారి రక్తం కారిన పుండు, మీ అంతట మీరు మానేయొద్దు.

డాక్టరుగారిని అడగడానికి మొహమాటపడకండి: ‘సార్, పోయినసారి ముక్క సరిపోలేదన్నారు, ఈసారి ఆరుకు తగ్గకుండా తీయండి. హెలికోబాక్టర్‌కు కూడా ముక్క పంపండి.’ జీర్ణాశయం గోడ మందంగా, బిగుసుకుపోయి, గాలి ఊదినా విప్పుకోకుండా ఉంటే పైపైన తీసిన ముక్కల్లో ఏమీ దొరకదు. తీసిన చోటే మళ్లీ తీసి లోతుకు వెళ్లాలి, లేదా ఎండోస్కోపీలోంచే చేసే అల్ట్రాసౌండ్ అవసరమవుతుంది. ఆ సంగతి చూసి చెప్పగలిగేది డాక్టరే.

ముక్కలున్న సీసా మన ఊళ్లో చాలాసార్లు బంధువుల చేతికే ఇచ్చి ల్యాబ్‌కు పంపుతారు. ఇక్కడ పోయే రోజులు ఎవరి లెక్కలోకీ రావు. సీసాలో ఉండాల్సింది ఫార్మలిన్. నీళ్లలోనో సెలైన్‌లోనో వేసిన ముక్క కుళ్లిపోయి చదవడానికి పనికిరాకుండా పోతుంది. సీసా మీద పేరు, వయసు, ఏ భాగం నుంచి తీశారో రాసి ఉందో లేదో చూడండి. మూత గట్టిగా బిగించి, నిలువుగా పట్టుకుని, ఆ రోజే ల్యాబ్‌లో ఇచ్చి నంబరు రాయించుకోండి. రిపోర్టు మామూలుగా మూడు నుంచి ఏడు రోజుల్లో వస్తుంది. ఎనిమిదో రోజు ఫోన్ చేయండి. ‘వస్తే వాళ్లే చెబుతారు’ అని ఆగితే ఆ కాగితం డ్రాయర్‌లో పడి ఉంటుంది.

ఈ వారం రోజులూ ఖాళీగా కూర్చోవద్దు. ఆలస్యం ఎక్కువగా పుట్టేది ఇక్కడే. ఎండోస్కోపీ, ఆ తర్వాత రిపోర్టు, అది వచ్చాక స్కాన్, స్కాన్ వచ్చాక రక్తపరీక్షలు, ఆపైన ఆరోగ్యశ్రీ కార్డు పని. ఒకదాని వెనక ఒకటి నడిపితే ఒక్కోదానికి పది రోజుల చొప్పున దాదాపు రెండు నెలలు పోతాయి. పక్కపక్కనే నడిపితే పదిహేను రోజుల్లో అయిపోతుంది. బయాప్సీ ల్యాబ్‌లో ఉండగానే రక్తపరీక్షలు చేయించండి: సీబీసీ (రక్తకణాల లెక్క), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), లివర్ టెస్టులు, ఆల్బుమిన్ (రక్తంలోని మాంసకృత్తి), షుగర్, బ్లడ్ గ్రూపు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ. ఈసీజీ, గుండె ఎకో కూడా. ఇవన్నీ ఎలాగూ అడుగుతారు.

సీటీ స్కాన్ కూడా అప్పుడే రాయించుకోండి. కానీ ఎలా తీయాలో గట్టిగా అడగండి. ఛాతీ, పొట్ట, కటి మూడూ కలిపి, కాంట్రాస్ట్ మందు నరంలోకి ఎక్కించి తీయాలి. మందు లేకుండా తీసిన ప్లెయిన్ సీటీలో జీర్ణాశయం గోడ, గ్రంథులు, కాలేయంలో మచ్చలు సరిగా తేలవు. తర్వాత ఆసుపత్రి వాళ్లు మళ్లీ తీయమంటారు, డబ్బూ వారమూ రెండూ పోతాయి. కాంట్రాస్ట్‌కు ముందు క్రియాటినిన్ చూస్తారు కాబట్టి ఆ రిపోర్టు జేబులో ఉండాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పండి. నాలుగు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. బయటికి వచ్చేటప్పుడు ఫిల్ములతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. పెట్ స్కాన్ ముందే అక్కర్లేదు. సీఈఏ, సీఏ 19-9 అనే రక్తపరీక్షలతో కేన్సర్ ఉందో లేదో తేల్చలేం. అవి నార్మల్‌గా వచ్చాయని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నవాళ్లు నెలలు పోగొట్టుకున్నారు.

ఈ ఏడు నెలలు ఎలా పోయాయో కూడా చెప్పాలి, ఎవరినీ తప్పుపట్టడానికి కాదు, ఇదే దారిలో ఇంకా చాలా ఇళ్లు ఉన్నాయి కాబట్టి. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్ళలు ఆమ్లాన్ని తగ్గిస్తాయి. ఆమ్లం తగ్గితే కేన్సర్ పుండు కూడా పైపైన మానుతుంది, మంట పోతుంది. మనిషి బాగున్నానంటాడు, కింద గడ్డ పెరుగుతూనే ఉంటుంది. అందుకే ఈ వయసులో కొత్తగా మొదలైన ‘గ్యాస్’కు, దానితో పాటు బరువు తగ్గడమో, రక్తం తగ్గడమో, మింగుడు పడకపోవడమో, వాంతులో ఉంటే, బిళ్ళల కోర్సు పూర్తయ్యే దాకా ఆగకుండా నేరుగా ఎండోస్కోపీకి పంపాలి. అది ఐదు పది నిమిషాల పని. గొంతులో స్ప్రే కొట్టి చేస్తారు.

రెండోది కడుపు స్కానింగ్. అల్ట్రాసౌండ్ కాలేయం, పిత్తాశయం, కిడ్నీలు బాగా చూస్తుంది. జీర్ణాశయం, పేగులు గాలితో నిండి ఉంటాయి, గాలిని దాటి ఆ తరంగాలు పోలేవు. కాబట్టి ‘స్కానింగ్ నార్మల్’ అంటే జీర్ణాశయం లోపలి పొర బాగుందని అర్థం కాదు. ఈ ఒక్క మాట జనానికి తెలిస్తే చాలా నెలలు మిగులుతాయి.

మూడోది రక్తం. ఒక బాటిల్ ఎక్కిస్తే హిమోగ్లోబిన్ సుమారు 1 పెరుగుతుంది. రెండు బాటిళ్లతో 7.4 కాస్తా 9.4 దాకా వచ్చి, మొహం తేటపడి, మీరంతా కుదుటపడ్డారు. కారుతున్న చోటు మాత్రం కారుతూనే ఉంది. మగవాళ్లకు, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు ఐరన్ లోపంతో రక్తం తగ్గిందంటే, పొట్టలోనో పేగులోనో ఎక్కడో పోతోందేమో చూడకుండా మాత్రలు రాసి పంపకూడదు. పైనుంచి ఎండోస్కోపీ, కింది నుంచి కొలనోస్కోపీ రెండూ చేయాల్సి రావచ్చు. ఐరన్ మాత్రలు ఇంకో తికమక తెస్తాయి: వాటితో కూడా మలం నల్లగా వస్తుంది. తేడా ఏమిటంటే, మాత్రల వల్ల వచ్చేది నల్లపచ్చగా, గట్టిగా ఉంటుంది. రక్తం వల్ల వచ్చేది తారులా మెరుస్తూ, జిగటగా, భరించలేని వాసనతో ఉంటుంది.

ఒక్క మీ ఇంటికే జరిగిందనుకోకండి. 2022 లెక్కల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో ప్రపంచంలో సుమారు 9.7 లక్షల మందికి జీర్ణాశయ కేన్సర్ వచ్చింది, 6.6 లక్షల మంది దానితో చనిపోయారు. దక్షిణ కొరియాలో 40 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ రెండేళ్లకోసారి పరీక్ష చేసే ప్రభుత్వ పథకం ఉంది. అందుకే అక్కడ సగానికి పైగా తొలి దశలోనే పట్టుబడతాయి. మన దేశంలో ప్రభుత్వం జనం మధ్యకు వెళ్లి పరీక్షించేది నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కేన్సర్లకే. జీర్ణాశయానికి అలాంటిది లేదు. లక్షణాన్ని లక్షణంగా గుర్తించడం ఒక్కటే మనకున్న దారి. పేద దేశాలన్నిటిలోనూ ఇంతే. ఎండోస్కోపీ చేసేవాళ్లు, ముక్క చదివేవాళ్లు పట్నాల్లోనే ఉంటారు, రోజుకూలీ మనిషి ఒక్కో మెట్టుకూ ఒక్కో రోజు కూలి వదులుకోవాలి. సమయానికి, భరించగలిగే ఖర్చుతో సురక్షితమైన ఆపరేషన్ అందని వాళ్లు ప్రపంచంలో 500 కోట్ల మంది అని 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ తేల్చింది.

ఆలస్యం ఎంత చెరుపు చేస్తుందో కూడా లెక్క కట్టారు. పెద్దపేగు, మలాశయం సహా ఏడు రకాల కేన్సర్ల మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2020లో చూస్తే, ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైన ప్రతిసారీ మరణించే ముప్పు 6 నుంచి 8 శాతం పెరిగింది. ఆ లెక్కలో జీర్ణాశయం లేదు. దాని నుంచి మనం తీసుకోవలసిందల్లా, నెల అంటే చిన్న విషయం కాదని. అలాగని వారం రోజులు పెట్టి సీటీ, బయాప్సీ సరిగ్గా చేయించడం ఆలస్యం కిందికి రాదు. కారణం తెలియకుండా నెల రోజుల మందులకు కూర్చోవడమే అసలు ఆలస్యం.

ఇక కార్డు సంగతి. ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే అంతకుముందు ఆరోగ్యశ్రీ అన్నది, కేన్సర్ ఆపరేషన్‌కు, కీమోకు, రేడియేషన్‌కు వర్తిస్తుంది. కానీ అనుమతి రావాలంటే బయాప్సీ రిపోర్టు, స్కాన్ ఆన్‌లైన్‌లో పెట్టాలి. ‘సరిపోలేదు’ అన్న రిపోర్టుతో ఏదీ కదలదు. ఆ ముక్క సరిగ్గా రావడం వైద్యానికి ఎంత ముఖ్యమో డబ్బుకూ అంతే ముఖ్యం. ఆసుపత్రిలో ఆరోగ్య మిత్ర డెస్కు ఉంటుంది, మొదటి రోజే అక్కడ కార్డు చూపించండి. సందేహాలకు 104. రైస్ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, బయాప్సీ కాగితం మీద మూడో పేరు ఉంటే అనుమతి ఆగుతుంది. ఎండోస్కోపీ చీటీ రాసేటప్పుడే ఆధార్‌లో ఉన్నట్టు పేరు, వయసు రాయించండి. బరువులు మోసిన చేతుల్లో గీతలు అరిగిపోయి వేలిముద్ర పడకపోవడం మామూలే. ఆధార్‌కు ఫోన్ నంబరు కలిపి ఉందో లేదో ఈ రెండు మూడు రోజుల్లోనే చూసుకుంటే ఓటీపీతో పని జరుగుతుంది.

మీ అన్నయ్య మాట కూడా ఆలోచించాం. హైదరాబాద్‌లో మంచి వైద్యం ఉంది, కాదనం. కానీ ఇప్పుడు వెళితే అక్కడా ముందు ఎండోస్కోపీ, సీటీలే చేస్తారు, గదికీ తిండికీ అప్పు కరిగిపోతుంది. ఈ వైద్యం ఒక్క రోజుతో తేలేది కాదు. కేన్సర్ అని తేలి, గడ్డ గోడలో లోతుగా ఉండి ఇంకా దూరం పాకకపోతే, చాలామందికి ముందు రెండు వారాలకోసారి చొప్పున నాలుగు విడతలు కీమో, తర్వాత ఆపరేషన్, ఆపైన మళ్లీ నాలుగు విడతలు ఇస్తారు. దారి పూర్తిగా మూసుకుపోయినా, రక్తం ఆగకపోయినా ముందే ఆపరేషన్ చేయొచ్చు. ఇన్నిసార్లు తిరగాల్సిన వైద్యం ఇంటి నుంచి బస్సులో వెళ్లగలిగే చోట దొరికితే సగంలో ఆగిపోదు. ఆ అప్పు చేసే డబ్బు తిండికి, ప్రయాణాలకు, పనికి వెళ్లని రోజులకు దాచుకోండి. రెండో అభిప్రాయం కావాలనిపిస్తే మనిషిని తిప్పకుండా కాగితాలను తిప్పండి. ల్యాబ్‌లో మైనం దిమ్మలు, గాజు పలకలు ఉంటాయి, వాటిని బ్లాకులు, స్లైడ్లు అంటారు. అడిగితే ఇస్తారు, సంతకం పెట్టి తెచ్చుకోవచ్చు. వాటితో ఇంకోచోట మళ్లీ చదివించవచ్చు, ఏ మందు పనిచేస్తుందో చెప్పే హెర్2 లాంటి పరీక్షలు కూడా అందులోంచే చేస్తారు. బ్లాకులను ఎండలో, బండి డిక్కీలో ఉంచకండి, మైనం కరిగిపోతుంది.

అమ్మగారి భయానికి వద్దాం. కత్తి పడితే పాకుతుందన్న మాట ఊరికే పుట్టలేదు. చాలామంది ఆపరేషన్ బల్ల మీదికి వచ్చేసరికే వ్యాధి కాలేయం దాకానో పొట్ట పొరల దాకానో వెళ్లిపోయి ఉంటుంది. కడుపు తెరిచి చూసి, తీయలేక మూసేస్తారు, మూడు నెలల్లో మనిషి పోతాడు. చూసినవాళ్లకు కత్తి వల్లే పోయినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు ముందే సీటీ తీసి, అవసరమైతే చిన్న రంధ్రంలోంచి కెమెరాతో చూసి, తీయగలమో లేదో తేల్చుకున్నాకే తెరుస్తారు. ముక్క తీసినందువల్ల జీర్ణాశయ కేన్సర్ పాకిపోదు. ఈ మాటలు మీరు చెబితే ఆవిడ వినకపోవచ్చు. ఒకసారి డాక్టరు గదిలోకి ఆవిడనే తీసుకెళ్లి అడగనివ్వండి. పసరు విషయంలో మాత్రం గట్టిగా వద్దనే చెబుతాం. మూసుకుపోతున్న కడుపులోకి ఏ ఆకు పసరు పోసినా ముందు వాంతులు పెరుగుతాయి, ఏ మొక్కదో తెలియని పసరు కాలేయాన్ని దెబ్బతీస్తే కీమో ఇవ్వడానికి వీలు లేకుండా పోతుంది.

పసరు మాట వచ్చింది కాబట్టి ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. కామెర్లకు పసరు పోయించి, వాతలు పెట్టించి నెలలు గడిపేది మన ఉత్తరాంధ్రలో ఇంకా ఉంది. నొప్పి లేకుండా కళ్లు పచ్చబడి, ఒళ్లంతా దురద, మూత్రం ముదురు రంగు, మలం సున్నంలా తెల్లగా వస్తుంటే అది పిత్తనాళం మూసుకుపోయిన కామెర్లు. రాయి కావచ్చు, క్లోమంలోనో నాళంలోనో గడ్డ కావచ్చు. ఇక్కడ మాత్రం అల్ట్రాసౌండే మొదటి పరీక్ష, అదే వారంలో చేయించాలి. అలాగే విరేచనంలో రక్తం పడితే మొలలే అనుకోవద్దు. మలాశయం కేన్సర్లలో కింద ఉన్నవి డాక్టరు వేలు పెట్టి చూస్తేనే తగులుతాయి, దానికి పైసా ఖర్చు లేదు. సిగ్గుతో పేషెంటు వద్దంటాడు, హడావిడిలో డాక్టరు వదిలేస్తాడు, మొలల మందు ఏడాది నడుస్తుంది. మన దేశంలో ఈ కేన్సర్ నలభై లోపు వాళ్లకు కూడా వస్తోంది. వేలితో చూడకుండా మొలల ఆపరేషన్‌కు ఒప్పుకోకండి.

తిండి మీద ఈ రోజు నుంచే దృష్టి పెట్టాలి. ఆల్బుమిన్ పడిపోయిన మనిషికి కుట్లు మానవు, కీమో తట్టుకోలేడు. 55 కిలోల మనిషికి రోజుకు 1400 నుంచి 1650 కేలరీలు, 65 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు అందాలి. మూడు పూటలు కాదు, రెండు గంటలకోసారి ఒక గ్లాసు చొప్పున ఏడెనిమిది సార్లు. ఒక గుడ్డులో 6 గ్రాములు, పావు లీటరు పాలలో 8 గ్రాములు, వంద గ్రాముల చేపలో 18 గ్రాముల దాకా ఉంటాయి. పాలలో రాగి జావ, బాగా ఉడికించి మెదిపి వడకట్టిన పప్పు, మెత్తగా ఉడికిన గుడ్డు, ముల్లు లేకుండా మెదిపిన చేప పులుసు. మునగకాయ, తోటకూర కాడ, బత్తాయి తొనలు, పనస లాంటి పీచు ఉన్నవి ఇప్పుడు పెట్టకండి, ఇరుకు దారిలో అడ్డం పడతాయి. తాగాక రెండు గంటలు కూర్చునే ఉండాలి. నడుం నొప్పి మాత్రలు ఈ క్షణం నుంచి బంద్. నొప్పికి ఏం వాడాలో డాక్టరును అడగండి. వారానికోసారి ఒకే కాటా మీద బరువు చూసి ఫైలులో రాయండి.

నాన్నగారికి ఇంకా ఏమీ చెప్పలేదని రాశారు. చెప్పండి. దాచిపెడితే ఏమవుతుందంటే, ఆయన ‘గ్యాస్‌కు ఇన్ని పరీక్షలేంటి, పని పోతోంది’ అని రెండోసారి ఎండోస్కోపీకి రానంటారు. సంతకం పెట్టాల్సింది ఆయన. ఇప్పటికి ఉన్నది అనుమానమే కాబట్టి అంతవరకే చెప్పండి: ‘నాన్నా, లోపల పుండు ఉంది. రక్తం అక్కడి నుంచే పోతోంది. చెడ్డ పుండా మామూలుదా అని పోయినసారి తేలలేదు, అందుకే మళ్లీ చూస్తారు.’ ఎక్కువమంది మనం అనుకున్నంత బెదరరు, ఇన్నాళ్లూ ఒంట్లో జరుగుతున్నదానికి ఒక పేరు దొరికిందనుకుంటారు.

రెండోసారి తీసిన ముక్కల్లో హెలికోబాక్టర్ ఉండి కేన్సర్ లేకపోతే 14 రోజుల మందుల కోర్సు ఇస్తారు, ఒక్క పూట కూడా తప్పకుండా వాడాలి. ఆ సూక్ష్మజీవి పోయిందో లేదో కోర్సు అయిన నాలుగు వారాల తర్వాత పరీక్షించాలి. ఎనిమిది వారాలకు మళ్లీ ఎండోస్కోపీ చేసి పుండు పూర్తిగా మానిందని కళ్లతో చూడాలి, ఆ తేదీ ఇంటికి వచ్చేముందే రాయించుకోండి. కేన్సర్ అని తేలితే మీరూ మీ అన్నయ్యా కూడా హెలికోబాక్టర్ పరీక్ష చేయించుకోండి. మీ బాబాయిల్లో, అత్తల్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందేమో కనుక్కుని డాక్టరుకు చెప్పండి.

సోమవారం దాకా కూడా ఆగకూడని సందర్భాలున్నాయి. రక్తం వాంతి అయినా, వాంతి కాఫీ పొడి కలిపినట్టు ఉన్నా, తారు లాంటి విరేచనం అయినా, నిలబడితే కళ్లు తిరిగి పడిపోతున్నా, పొట్ట చెక్కలా గట్టిపడి భరించలేని నొప్పి వచ్చినా, ఒక రోజంతా నీళ్లు కూడా నిలవకపోయినా 108కి ఫోన్ చేసి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. తోడుగా ఇద్దరు వెళ్లండి, రక్తం కోసం ఒకరు పరుగెత్తాలి. పాత ఎండోస్కోపీ కాగితం, బయాప్సీ రిపోర్టు, బ్లడ్ గ్రూపు, వాడుతున్న మాత్రల రేకులు, రెండు కార్డులు ఒకే సంచిలో పెట్టి తలుపు దగ్గర తగిలించి ఉంచండి.